సెంటినెల్-2 చిత్రాలు, ఏడేళ్ల వాడకం తర్వాత: ఒక వెయ్యి తెచ్చిన తంటా

2018 చివర్లో మొదలుపెట్టాను. ఒక నగరం, దాని చుట్టూ ఉన్న చెరువులు, తోటలు, ఖాళీ జాగాలు; వీటిలో పచ్చదనం ఏటా ఎంత పెరుగుతోందో, ఎంత తరుగుతోందో లెక్కగట్టడం నా పని. జీతం వచ్చే పని కాదు, ఇష్టంతో చేస్తున్నది. ఈ ఏడేళ్లలో సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి చివరికి ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ దగ్గర స్థిరపడ్డాను. చిత్రాల విషయంలో మాత్రం యూరప్ వాళ్ల భూపరిశీలన ఉపగ్రహాలు సెంటినెల్-2ను వదిలింది లేదు. బ్యాండ్లు (ఒక్కో రకం కాంతికి ఒక్కో పొర) ఎన్ని, ఏ ఎత్తులో తిరుగుతుంది లాంటివి అందరికీ తెలిసినవే, ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాలనుకుంటున్నది ఒక్క గుణం గురించి. నాలుగేళ్ల కిందటి చిత్రాన్నీ నిన్నటి చిత్రాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పిక్సెల్‌కు పిక్సెల్ పోల్చుకోవచ్చు.

ఈ సౌకర్యం విలువ పాత తిప్పలు పడ్డవాళ్లకు బాగా తెలుస్తుంది. ఉపగ్రహం ఎప్పుడు వచ్చినా దాదాపు అదే ఉదయపు వేళకు వస్తుంది. చిత్రాలన్నీ ఒకే గడుల్లో కోసి ఇస్తారు. దించుకుని తెరిస్తే పొరలు వాటంతటవే కుదురుకుంటాయి. ఒక హెక్టారు పార్కు తీసుకోండి. అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ వైశాల్యం 30 మీటర్లకు 30 మీటర్లు, అందులో ఆ పార్కుకు పదకొండు పిక్సెళ్లు వస్తాయి; సెంటినెల్-2లో పిక్సెల్ 10 మీటర్లే, వంద వస్తాయి. పార్కులో చెట్లున్న మూల ఏది, గడ్డి ఎండిన మూల ఏది అన్నది విడిగా కనిపిస్తుంది. 1972 నుంచి ఉన్న లాండ్‌శాట్ నిల్వ ముందు ఇది చిన్నపిల్లే, పాత కాలం సంగతులకు నేను ఇప్పటికీ అక్కడికే వెళ్తాను. కానీ 10 మీటర్ల చిత్రంలో పరారుణ బ్యాండుతో సహా ఒక వీధి పచ్చదనాన్ని ఏటా చూసుకోవడం, అదీ పైసా ఖర్చు లేకుండా! నాకు ఆ సంతోషం ఈనాటికీ తగ్గలేదు.

ఇక 2022 సంగతి. ఆ వేసవిలో ఎప్పటిలాగే ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం సూచిక, లెక్క వేశాను. సమీప పరారుణ విలువలోంచి ఎరుపు విలువ తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. 0.4 దాటితే పచ్చదనం కిందికి వేస్తాను. 2021 పటం పక్కన కొత్త పటం పెడితే గుండె జారిపోయింది. పెద్ద తోటలు నిలిచాయి గానీ వీధి చెట్లు, ఇళ్ల మధ్య చెట్లు, చెరువు గట్ల మీద పొదలు దాదాపు అన్నీ మాయం. ఒక్క ఏడాదిలో ఇంత నాశనమా అని రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. చెట్ల కోసం తిరిగే ఇద్దరు మిత్రులకు పటం పంపేశాను కూడా. వాళ్లలో ఒకాయన మర్నాడు ఫోన్ చేశారు. "మీరు పచ్చదనం పోయిందన్న వీధిలోనే నిలబడి మాట్లాడుతున్నానండీ. చెట్లన్నీ ఉన్నాయి, నీడలోనే ఉన్నాను."

టెన్షన్ అప్పుడు మొదలైంది. తేదీలు చూశాను, సరిగానే ఉన్నాయి. పలచటి మబ్బు తెరేమైనా ఉందా అని చూశాను, లేదు. వానలు తక్కువ పడ్డాయా అంటే అదీ కాదు. క్యూజీఐఎస్‌లో పిక్సెళ్ల లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్‌లో సూత్రం తప్పు రాశానేమోనని మూడుసార్లు మళ్లీ రాశాను. నెల రోజులు ఇలాగే గడిచాయి.

చివరికి దారి చూపింది ఒక చెరువు. లోతైన నీరు సమీప పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చేసుకుంటుంది, అందుకే ఆ బ్యాండులో చెరువు నల్లగా ఉంటుంది. చెరువు నడిమధ్య పిక్సెల్ విలువ పాత చిత్రాల్లో 150 దరిదాపుల్లో ఉండేది. కొత్తదాంట్లో క్లిక్ చేస్తే 1150 చూపించింది. నీళ్లు ఎందుకు వెలిగిపోతాయి? ఒక పెద్ద సిమెంటు కప్పు మీద క్లిక్ చేశాను, అక్కడా సుమారు వెయ్యి ఎక్కువ. ఎక్కడ చూసినా అదే వెయ్యి.

చిత్రంతో పాటు వచ్చే వివరాల ఫైలు (మెటాడేటా) తెరిస్తే జవాబు అందులోనే ఉంది. 2022 జనవరి 25 నుంచి ప్రాసెసింగ్ బేస్‌లైన్ 04.00, అంటే చిత్రాలను తయారుచేసే పద్ధతి కొత్త వెర్షన్, అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. వాడేవాళ్లు ముందు ఆ వెయ్యి తీసేసి, తర్వాత 10000తో భాగించాలి; అప్పుడు నేల ఎంత వంతు కాంతిని తిప్పి పంపిందో వస్తుంది. కారణం కూడా సబబైనదే. బాగా చీకటిగా ఉన్న నేల మీద, నీటి మీద వాతావరణ ప్రభావాన్ని తీసేశాక విలువ ఒక్కోసారి సున్నా కంటే కిందికి పోతుంది. ఫైల్లో రుణ సంఖ్యలు పట్టవు కాబట్టి అలాంటివి కత్తిరించుకుపోయేవి. వెయ్యి కలిపితే అవి బతుకుతాయి. అంతా రాసిపెట్టే ఉంది, చదవనిది నేనే.

ఆ వెయ్యి లెక్కను ఎలా చెడగొట్టిందో చూడండి. ఇళ్ల మధ్య చెట్లున్న ఒక చోట ఎరుపు 800, పరారుణం 2400 అనుకుందాం. తేడా 1600, మొత్తం 3200, ఎన్‌డీవీఐ 0.5. రెండింటికీ వెయ్యి కలిస్తే తేడా అదే 1600, మొత్తం మాత్రం 5200. విలువ 0.31కి పడిపోతుంది. దట్టమైన తోటలో 500, 3500 ఉంటే 0.75 కాస్తా 0.5 అవుతుంది, అయినా గీత దాటే ఉంటుంది. అందుకే పెద్ద తోటలు నిలిచి వీధి చెట్లు మాయమయ్యాయి. నిజమైన విధ్వంసం కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది కాబట్టే నమ్మేశాను. సరిచేశాక చూస్తే నిజంగా తగ్గింది నగరం అంచున కొత్త నిర్మాణాలు లేచిన వైపు మాత్రమే. సవరించిన పటం అదే రోజు మిత్రులకు పంపి, పాతది చెరిపేయమని కోరాను.

ఇక్కడితో అయిపోలేదు. "2022 జనవరి తర్వాతివైతే వెయ్యి తీసెయ్" అని ఒక నియమం పెట్టుకున్నాను, అదీ చాలలేదు. పాత చిత్రాలను కూడా కొత్త పద్ధతిలో మళ్లీ ప్రాసెస్ చేసి కలెక్షన్-1 పేరుతో ఇస్తున్నారు. కాబట్టి 2019 నాటి చిత్రంలో కూడా ఆ వెయ్యి ఉండొచ్చు. చిత్రం తీసిన తేదీ కాదు, ఫైలు పేరులో ఎన్0400, ఎన్0500 అని ఉండే బేస్‌లైన్ సంఖ్య చూడాలి. ఇంకోవైపు, ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే లెక్కించుకునే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అనే సేకరణ ఉంది, అందులో ఆ వెయ్యి ముందే తీసేసి ఉంటుంది. అక్కడి చిత్రంలోంచి ఒకసారి మళ్లీ వెయ్యి తీసేస్తే చెట్ల దగ్గర ఎరుపు విలువలు రుణ సంఖ్యలయ్యాయి. ఎక్కడి నుంచి దించామో రాసి పెట్టుకోకపోతే ఇబ్బందే.

పిక్సెల్‌కు పిక్సెల్ అని పైన అన్నాను గానీ, ఇప్పుడు ఆ మాట కొంచెం ఆచితూచి అంటాను. తొలి ఏళ్ల చిత్రాలు కొన్ని ఒకదానికొకటి దాదాపు పిక్సెల్ మేర పక్కకు జరిగి ఉంటాయి. అందుకే మూడు పిక్సెళ్ల పొడవు, మూడు వెడల్పు ఉన్న గడి సగటు తీసుకుని పోలుస్తున్నాను. చలికాలంలో ఎత్తయిన భవనాల నీడ పక్క వీధిని మింగేస్తుంది, కాబట్టి ఏటా అదే నెలను అదే నెలతోనే పోల్చాలి. ఐదు రోజులకోసారి చిత్రం వస్తుందన్నది నిజమే గానీ వానాకాలంలో నెలలు గడిచినా మబ్బు లేనిది ఒక్కటీ దొరకని సందర్భాలు ఉన్నాయి.

నాకైతే ఇది సరిపోయింది. ఒకే నగరం, గడువు లేని పని, అనుమానం వస్తే వెళ్లి చూసి చెప్పే మిత్రులు. ఒక్కో చెట్టునూ లెక్కపెట్టాల్సినవాళ్లకు ఇది పనికిరాదు, డ్రోన్ చిత్రాలు కావాలి. ఈ పటం చూపించి రేపే ఎవరినో నిలదీయాలనుకునేవాళ్లు మాత్రం ముందు ఆ వీధిలోకి ఒకసారి వెళ్లి రావాలి. నేను ఇప్పటికీ కొత్త చిత్రం దించగానే మొదట ఆ చెరువు మధ్య పిక్సెల్ మీదే క్లిక్ చేస్తాను.