బ్లూ నోట్ రికార్డుకి ఏ వేలం మేలు: అమెరికాదా, జపాన్‌దా?

వేసవిలో సోమవారం తెల్లవారుజామున ఆరున్నరకి హైదరాబాద్‌లో మా ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. నేను మాత్రం ఫోను పట్టుకుని కూర్చుంటాను. అమెరికా పడమటి తీరంలో అప్పుడు ఆదివారం సాయంత్రం ఆరు. మంచి రికార్డులున్న అమ్మకందార్లు చాలామంది ఈబే అనే అమెరికా వెబ్‌సైటులో వేలం ఆ వేళకి ముగిసేలా పెడతారు. జపాన్ వేలాలు ఎక్కువగా అక్కడ రాత్రి తొమ్మిది, పదింటికి ముగుస్తాయి. వాళ్ల రాత్రి పది మనకి సాయంత్రం ఆరున్నర. కొన్నేళ్లుగా ఈ రెండు ఆరున్నరలకీ కాపలా కాస్తున్నాను. నేను వెతికేది 1950, 60లలో న్యూయార్క్‌లోని బ్లూ నోట్ కంపెనీ తెచ్చిన జాజ్ ఎల్పీలు. ఎక్కడ వేలం పాడుకోవడం మేలని అడిగేవాళ్లకి నేను ముందు వేసే ప్రశ్న ఒకటే: మీకు కావలసింది ఆనాటి రికార్డా, ఆ సంగీతమా?

ఆనాటి రికార్డే కావాలంటే అమెరికా వేలమే. అందులో నాకు రెండో మాట లేదు. తొలి అచ్చు బ్లూ నోట్‌కి ఒక గుర్తు ఉంటుంది. రికార్డు మీద ఆఖరి పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి జాగాలో, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే, చిన్న చెవి ఆకారం కనిపిస్తుంది. న్యూజెర్సీలో ఆ రికార్డులు అచ్చువేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ ముద్ర అది. 1966లో లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ని కొనేశాక ఆ ముద్ర పోయింది. చిక్కేమిటంటే, లిబర్టీ వాళ్లు మిగిలిపోయిన న్యూయార్క్ లేబుళ్లని కూడా వాడేశారు. లేబుల్ చూస్తే పాతదే అనిపిస్తుంది, చెవి మాత్రం ఉండదు. ధరలో చాలా తేడా వస్తుంది. అందుకే లేబుల్ ఫొటో ఒక్కటీ చూసి వేలం పాడకూడదు. ఆ నున్నటి జాగా ఫొటో రెండు వైపులదీ అడగాలి. రికార్డ్ చేసిన ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ గుర్తు ‘ఆర్‌వీజీ’ అక్షరాలు ఉన్నాయా అనీ అడగాలి.

ఈ అడగగలగడమే ఈబేకి ఉన్న పెద్ద బలం. అమ్మకందారుకి నేరుగా ఉత్తరం రాయవచ్చు. ‘వీజీ ప్లస్ అన్నారు, అది చూసి వేసిన గ్రేడా, ముల్లు పెట్టి విని వేసిన గ్రేడా?’ అని నేను ప్రతిసారీ అడుగుతాను. వీజీ ప్లస్ అంటే ‘వెరీ గుడ్ ప్లస్’, రికార్డు బాగానే ఉందని చెప్పే గ్రేడు. వినకుండా చూసి వేసిన గ్రేడు మీద ఖరీదైన పాట పాడను. ఒకసారి ఒక అమ్మకందారు వీజీ ప్లస్ అని పంపిన రికార్డులో రెండో వైపు ముల్లు ఒకే చోట గెంతుతూ ఉండిపోయింది. చూడటానికి అద్దంలా మెరుస్తోంది. వీడియో తీసి పంపితే డబ్బు వెనక్కి వచ్చింది. వర్ణనకీ వస్తువుకీ పొంతన లేకపోతే చేరిన 30 రోజుల లోపు ఫిర్యాదు చేసుకునే రక్షణ ఈబేలో ఉంది. వందల డాలర్లు పెట్టేచోట ఆ రక్షణ లేకపోతే నాకు నిద్ర పట్టదు.

జపాన్ దగ్గరికి వస్తే, అక్కడి యాహూ వేలంలో మనం నేరుగా పాడలేం. బయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సంస్థ మన తరఫున పాడి, సరుకుని జపాన్‌లోని తన గోదాముకి తెప్పించి, అక్కడినుంచి మనకి పంపుతుంది. అమ్మకందారుతో మనకి మాటా మంతీ ఉండదు. చాలా ప్రకటనల కింద ‘ఫిర్యాదులూ వాపసులూ లేవు’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ‘జంక్’ అని రాసి ఉంటే అది పనిచేస్తుందన్న పూచీ ఏమీ లేదని. తర్జుమా యంత్రం ఆ మాటని వర్ణనలో ఎక్కడో కలిపేస్తుంది, కాబట్టి జపాన్ లిపిలో దాని ఆకారం గుర్తుపట్టడం నేర్చుకోండి.

ఇన్ని అడ్డంకులున్నా నా అలమరలో సగానికి పైగా జపాన్ నుంచి వచ్చినవే. 1977 నుంచి 1983 దాకా అక్కడ కింగ్ రికార్డ్స్ బ్లూ నోట్‌ని అచ్చువేసింది. ఆ తర్వాత తోషిబా-ఈఎంఐ వేసింది. ఆ వినైల్, అంటే రికార్డు చేసే ప్లాస్టిక్, నిశ్శబ్దంగా ఉంటుంది. ముల్లు దించాక పియానో మొదలయ్యే లోపు ఏ చిటపటా వినపడదు. ట్రంపెట్ ఎగిసినప్పుడు ఆనాటి అమెరికా అచ్చులో ఉండే దూకుడు ఇందులో కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ రాత్రి తలుపులు వేసుకుని వినడానికి నేను ఎక్కువసార్లు తీసేది కింగ్ అచ్చునే. పాత యజమానులు వాటిని చూసుకున్న తీరు కూడా ముచ్చటేస్తుంది. అట్ట చుట్టూ కట్టిన కాగితం పట్టీ, దాన్ని ఓబీ అంటారు, నలభై ఏళ్ల తర్వాత కూడా చిరగకుండా వస్తుంది. వినడానికే కొంటుంటే మాత్రం ఓబీ కోసం ఎక్కువ పాడకండి. అది లేని రికార్డులోనూ ఉండేది అదే సంగీతం, ధర తక్కువ.

పాడే పద్ధతిలోనూ తేడా ఉంది. ఈబేలో గడియారం ఆగిందంటే ఆగిందే. మీ గరిష్ఠ ధరని ఆఖరి ఏడెనిమిది సెకన్లలో వేస్తే ఎదుటివాడికి ఆలోచించే వ్యవధి ఉండదు. యాహూలో చాలా వేలాలకి పొడిగింపు ఉంటుంది. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుంది. అక్కడ మెరుపుదాడి పనికిరాదు. ఎంతవరకు వెళ్లాలో కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ అంకె దాటాక ఫోను పక్కన పెట్టడమే దారి.

ఇక అసలు ఖర్చు. పాట నిలిచిన ధర చూసి సంబరపడితే జపాన్‌లో దెబ్బ తింటాం. 2,500 యెన్లకి రికార్డు దక్కిందనుకుందాం. అమ్మకందారు నుంచి గోదాముకి పోస్టేజీ 800, మధ్యవర్తి రుసుము 500 అనుకుంటే 3,800 అయింది. అమ్మేది దుకాణమైతే 10 శాతం వినియోగ పన్ను కూడా కలుస్తుంది. విమానం చార్జీ ఇంకా మొదలే కాలేదు. ఒక్క రికార్డుకైతే ఆ చార్జీ రికార్డు ధరనే దాటిపోవచ్చు. అందుకే నాలుగైదు గోదాములో పోగయ్యేదాకా ఆగి ఒకే పెట్టెలో తెప్పిస్తాను. గోదాములో ఉచితంగా ఎన్నాళ్లు ఉంచుతారో ముందే చూసుకోవాలి. మన కస్టమ్స్ సుంకం రికార్డు ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. క్రెడిట్ కార్డు విదేశీ మారకపు రుసుము అదనం. ‘గిఫ్టు అని రాయించు’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ మాట వినకండి. గిఫ్టుగా వచ్చే వస్తువులకి ఉన్న వెసులుబాటు 2019 డిసెంబరులో పోయింది. ప్రాణరక్షక మందులకీ రాఖీలకీ మాత్రమే మినహాయింపు ఉంచారు. పైగా అది అబద్ధపు ప్రకటన.

అమెరికా రికార్డులకి మనవాళ్లకున్న ఇంకో దారి చుట్టాలు. డాలస్‌లో ఉన్న మా అక్క ఇంటికి మీడియా మెయిల్‌లో, అంటే పుస్తకాలకీ రికార్డులకీ ఉన్న అక్కడి చౌక తపాలాలో, వేయిస్తే పోస్టేజీ కొద్ది డాలర్లతో పోతుంది. ఎల్పీ అట్ట 31 సెంటీమీటర్ల పైచిలుకు, క్యాబిన్ పెట్టెలో పడుతుంది. వచ్చేవాళ్లకి బ్యాగేజీ సుంకం పరిమితి గుర్తుచేయడం మన బాధ్యత. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. అక్క వచ్చేది ఏడాదికోసారి. అప్పుడు ముల్లు గెంతిందని తెలిసినా ఫిర్యాదు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఖరీదైనవాటికి ఈ దారి వద్దు.

రికార్డులు అమ్మే ఇంకో వెబ్‌సైటు డిస్కాగ్స్. అది వేలం కాదు, అక్కడ ధర ముందే రాసి ఉంటుంది. కొన్నా కొనకపోయినా, అంతకుముందు ఆ అచ్చు ఎంతకి అమ్ముడైందో అక్కడ చూడకుండా ఏ వేలంలోనూ దిగకండి. పాత ఈబే వేలాల ధరలు చూడటానికి పాప్‌సైక్ అనే వెబ్‌సైటు ఉంది.

దారి ఏదైనా, రికార్డుని అట్టలోంచి బయటికి తీసి, విడిగా సంచిలో పెట్టి, అట్ట వెనక ఉంచి పంపమని అడగండి. లేకపోతే దారిలో రికార్డు అంచు అట్ట అతుకుని చీల్చుకుని బయటికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నేను ఏ పెట్టెనీ కదిలించను. ఎండలో నిలబడ్డ వ్యానులో వినైల్ వంకర తిరిగితే దాన్ని మళ్లీ తిన్నగా చేయడం మన వల్ల కాదు.

కాబట్టి నా లెక్క ఇలా స్థిరపడింది. పోయినా ఓర్చుకోగలిగిన డబ్బుతో జపాన్‌లో పాడతాను, ఎందుకంటే అక్కడ అడగడానికీ తిప్పి పంపడానికీ దారి లేదు. పోతే ఓర్చుకోలేని డబ్బు పెట్టాల్సి వస్తే, చెవి ఫొటో చేతికి వచ్చాక, ఈబేలో పాడతాను. అలాంటివి నాకు ఏడాదికి ఒకటో రెండో.

ప్రస్తుతం గోదాములో నాలుగు కింగ్ అచ్చులున్నాయి. ఐదోదాని వేలం ఈ సాయంత్రం ఆరున్నరకి. కాగితం మీద 3,200 యెన్లని రాసి పెట్టుకున్నాను.