శాంపిల్ పంపే కిట్లు కొనేవాళ్లు జాగ్రత్త: పెట్టె మీద యూఎన్ 3373 అని ఉంటే సరిపోదు

రక్తం, మూత్రం శాంపిళ్లు దూరంలో ఉన్న ల్యాబ్‌కు పంపడానికి ఆన్‌లైన్‌లో రెడీమేడ్ కిట్లు తెప్పించుకునే కలెక్షన్ సెంటర్ల వాళ్లు, చిన్న క్లినిక్‌ల వాళ్లు దయచేసి ఇది చదవండి. నేను మోసపోయాను. నా వల్ల ఒక పసిబిడ్డకు రెండోసారి సూది గుచ్చాల్సి వచ్చింది.

అమ్మకం పేజీలో 'యూఎన్ 3373 కిట్, విమానంలో పంపొచ్చు' అని రాసి ఉంది. యూఎన్ 3373 అంటే ఇలాంటి రోగుల శాంపిళ్ల రవాణాకు వాడే అంతర్జాతీయ నంబరు. పెట్టె మీద డైమండ్ గుర్తు కూడా ఉంది. అది చూసే ఒకేసారి ఎక్కువ తీసుకున్నాను. మొదటి రెండు పెట్టెలు బాగానే చేరాయి. మూడోదానికి ల్యాబ్ నుంచి ఫోన్: "మేడమ్, మీ పెట్టె అడుగు తడిగా ఉంది, పక్కన పెట్టాం." తర్వాత జాగ్రత్తగా తెరిచి ఫోటోలు పంపారు. ట్యూబులు పెట్టే పౌచ్ అతుకు ఒక మూల బొటనవేలు దూరేంత విడిపోయి ఉంది. పీల్చాల్సిన షీట్ ఉండ చుట్టుకుని ఓ పక్కకు చేరింది. రిక్వెస్ట్ ఫారాలు ఎర్రగా నానిపోయాయి. ఆరు ట్యూబుల్లో కారింది ఒకటే, కానీ లేబుళ్ల మీద సిరా కరిగిపోవడంతో ఏది ఎవరిదో తేలక ఆరూ తిరస్కరించారు. వాళ్లను తప్పు పట్టలేను. అందులో ఒకటి నెలల బిడ్డది. నరం దొరక్క ఎంతో కష్టపడి తీసిన రక్తం. "మళ్లీ గుచ్చాలా అండీ?" అని ఆ తల్లి అడిగితే నాకు మాట రాలేదు.

ట్యూబు మూత వదులవడం ఎప్పుడో ఒకసారి ఎవరికైనా జరుగుతుంది. అందుకే మూడు పొరల ప్యాకింగ్ పెట్టారు. లోపల కారని ట్యూబు, దాని చుట్టూ కారని రెండో పొర (ఈ కిట్లో పౌచ్), బయట గట్టి పెట్టె. ట్యూబుకూ రెండో పొరకూ మధ్య ఉండే షీట్, లోపలున్న ద్రవం మొత్తం ఒలికినా పీల్చేసుకోవాలి. విమానంలో పంపేటప్పుడు ట్యూబు గానీ రెండో పొర గానీ, కనీసం ఒకటైనా, 95 కిలోపాస్కల్ ఒత్తిడి తేడాకు కారకుండా నిలవాలి. పైకి వెళ్లేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది, పౌచ్‌లో మిగిలిన గాలి ఉబ్బి అతుకును బయటికి తోస్తుంది. మామూలు జిప్ కవర్ దీనికి ఆగదు. నాకు వచ్చింది దాదాపు అలాంటిదే, కాకపోతే మీద గుర్తు అచ్చేశారు.

ఆ రోజు మిగిలిన కిట్లన్నీ టేబుల్ మీద పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. ఒక్కో ట్యూబుకు 4 మిల్లీలీటర్ల చొప్పున ఆరింటికి 24. సిరంజితో అన్ని నీళ్లు షీట్ మీద పోశాను. సగం కూడా పోయకముందే అంచుల నుంచి కారిపోయింది. పౌచ్‌లో రంగునీళ్లు పోసి, మూసి, తలకిందులు చేసి మెల్లగా నొక్కితే అతుకు దగ్గర చుక్కలు వచ్చాయి. స్కేలు పెట్టి డైమండ్‌ను కొలిచాను, ఒక్కో పక్క 38 మిల్లీమీటర్లే. 50కి తగ్గకూడదు. పక్కన ఉండాల్సిన 'బయలాజికల్ సబ్‌స్టెన్స్, కేటగిరీ బి' అనే మాట అసలు లేదు. ఇవన్నీ కొన్న రోజే చేయాల్సింది. పది నిమిషాల పని.

ఫారాలు పెట్టడానికి పౌచ్‌కు బయట జేబు లేదు. అడిగితే "ట్యూబులతో పాటు లోపలే పెట్టేయండి" అన్నాడు అమ్మినవాడు. నేనూ అలాగే పెట్టాను. లోపలున్న వస్తువుల జాబితా రెండో పొరకూ బయటి పెట్టెకూ మధ్యే ఉండాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకోటి. అదే పెట్టెను 'డ్రై ఐస్‌కూ పనికొస్తుంది, మూత చుట్టూ టేపు బిగించండి' అని అమ్ముతున్నాడు. దయచేసి ఆ పని చేయకండి. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. అది కిలో ఆవిరైతే 500 లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. బయటికి దారి లేకపోతే పెట్టె పగులుతుంది, ఎత్తుతున్న కొరియర్ మనిషి ముఖం మీదే పగలొచ్చు. డ్రై ఐస్‌ను రెండో పొరకు బయట పెట్టాలి, పెట్టె గ్యాస్‌ను వదిలేలా ఉండాలి, డ్రై ఐస్ నంబరైన యూఎన్ 1845 గుర్తూ ఐస్ బరువూ పైన రాయాలి.

కొనేముందు అమ్మేవాళ్లను ఒకే మాట అడగండి: 95 కిలోపాస్కల్ పరీక్ష దేనికి చేశారు, ట్యూబుకా, పౌచ్‌కా? దాని టెస్ట్ రిపోర్ట్ పంపమనండి. మనం ఇంట్లో చేసే నీళ్ల పరీక్ష ఆ రిపోర్ట్‌కు బదులు కాదు, మరీ నాసిరకాన్ని పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. నేను అడిగితే మొదట "మీరే సరిగా అంటించలేదు" అన్నాడు. రంగునీళ్ల వీడియో పంపాక జవాబే లేదు. అమ్మకం మాత్రం ఇంకా నడుస్తోంది.

అవే కిట్లు మీ దగ్గరా ఉండొచ్చు. పౌచ్ పైన సన్నటి తెల్ల అతుకు, అరచేతిలో సగం ఉన్న షీట్, 38 మిల్లీమీటర్ల డైమండ్. ఇవి కనిపిస్తే ఈరోజు తీసిన శాంపిల్‌ను అందులో పెట్టకండి.