శాంతినికేతన్‌లో రాంకింకర్ శిల్పాలు, నాన్నతో మూడు రోజులు

శాంతినికేతన్ వెళ్ళేవాళ్ళకి ముందుగా ఒక మాట, రూమ్ మాత్రం ఈ శిల్పాలున్న కళాభవన్‌కి, అంటే అక్కడి విశ్వభారతి యూనివర్సిటీ ఆర్ట్ కాలేజీకి, నడిచి వెళ్ళేంత దగ్గర్లోనే తీసుకోండి. మేం ఫోటోలు చూసి సోనాఝురి వైపు ఒక రిసార్ట్ బుక్ చేశాం. చెట్ల మధ్య చూడ్డానికి బాగానే ఉంది కానీ వేడినీళ్ళు లేవు, అడిగితే పది నిమిషాలన్నారు, తెల్లారేదాకా రాలేదు, నాన్నకి డెబ్బై దాటాయి, దానికితోడు పొద్దున్నే బయల్దేరదామంటే టోటో (బ్యాటరీ ఆటో) ఒక్కటీ కనపడలేదు. మర్నాడే రతన్‌పల్లిలో ఒకరింటి పై పోర్షన్‌కి మారిపోయాం. మంచం, ఫ్యాన్, బకెట్, అంతే. కానీ ఆ ఇంటావిడ గసగసాలు నూరి చేసిన బంగాళదుంప కూర నాన్న రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు, అక్కడ దాన్ని ఆలూ పోస్తో అంటారు.

మాది తెనాలి. నాన్న నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీ. రాంకింకర్ బైజ్ అనే ఆయన సిమెంటూ కంకరా కలిపి మనిషికంటే పెద్ద బొమ్మలు చేశాడు, ఎనభై ఏళ్ళు దాటినా నిలబడి ఉన్నాయంటే నాన్న నమ్మలేదు, అందుకే తీసుకెళ్ళా. విజయవాడలో ఫలక్‌నుమా ఎక్కి మర్నాడు సాయంత్రానికి హౌరా, రాత్రి అక్కడే ఉండి పొద్దున శాంతినికేతన్‌కి దిగాల్సిన బోల్‌పూర్‌కి ట్రైన్, అది మూడు గంటల్లోపే.

కళాభవన్‌లో క్లాసులు జరుగుతుంటాయి కాబట్టి గేటు దగ్గర అడిగి వెళ్ళాలి. బుధవారం సెలవు, ఆ రోజు ప్లాన్ పెట్టుకోవద్దు. 2023లో శాంతినికేతన్‌కి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కదా, శని ఆదివారాలు జనం బాగా ఉన్నారు.

1938లో చేసిన 'సంథాల్ కుటుంబం' శిల్పం ముందు (సంథాల్‌లంటే అక్కడి గిరిజనులు) నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. భుజాన కావడి వేసుకుని మొగుడు, కావడి బుట్టలో పిల్లాడు, పక్కన భార్య, కాళ్ళ దగ్గర కుక్క, ఉన్నదంతా మోసుకుని ఊరు మారిపోతున్న కుటుంబం. నాన్న దగ్గరికెళ్ళి ముట్టుకోకుండా వంగి చూసి, "తాపీతో మెత్తినట్టు లేదురా, మాలు చేత్తో విసిరి కొట్టాడు" అన్నాడు. నిజంగా రాంకింకర్ పద్ధతి అదే. లోపల ఇనప ఊచలతో అస్థిపంజరంలా కట్టి, బీర్భూమ్ ఎర్ర నేలలో దొరికే గ్రావెల్ సిమెంట్‌లో కలిపి, ఆ మాలు దాని మీదకి విసిరి, పూర్తిగా గట్టిపడకముందే చెక్కుకుంటూ పోయేవాడు. అచ్చు పోయడం లేదు, నున్నగా గచ్చు తీయడం లేదు. దగ్గరికెళ్తే ఆ ఆడమనిషి చెయ్యి నిండా రాళ్ళే, చింతగింజంత ఒకటి, శనగగింజంత ఒకటి, నాలుగడుగులు వెనక్కొస్తే అదే చెయ్యి బరువు మోస్తున్న చెయ్యి అయిపోతుంది. కంచు పోయించడానికి డబ్బు లేదు, రాయి అక్కడ దొరకదు, ఉన్న మట్టిలోంచే దారి వెతుక్కున్నాడు.

రాంకింకర్ పుట్టింది 1906లో బంకురాలో, మంగలి పని చేసుకునే పేద కుటుంబం. చిన్నప్పుడు ఊళ్ళో దేవుడి బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర మట్టి పని చూసి నేర్చుకున్నాడు, నాటకాలకి తెరలు రాశాడు. పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ చూసి 1925లో శాంతినికేతన్‌కి తీసుకొచ్చారు. గురువు చిత్రకారుడు నందలాల్ బోస్. ఫ్రెంచ్ శిల్పి బూర్దెల్ దగ్గర నేర్చుకున్న ఒకావిడ అక్కడికి వస్తే ఆవిడ దగ్గరా కొంత నేర్చుకున్నాడు. ఇవన్నీ ఒకెత్తు, చుట్టుపక్కల ఊళ్ళ సంథాల్ జనం ఒకెత్తు. నాకైతే అసలు బలం అక్కడే అనిపించింది. రాజులకీ నాయకులకీ ఇచ్చే సైజు కూలోళ్ళకి ఇచ్చాడు.

1935 నాటి 'సుజాత' శిల్పం యూకలిప్టస్ చెట్ల మధ్య చెట్టులాగే సన్నగా పొడుగ్గా ఉంటుంది. ముందు అది మామూలు అమ్మాయి బొమ్మేనట, నందలాల్ సలహా మీద తల మీద పాయసం గిన్నె పెట్టాక బుద్ధుడికి పాయసం ఇచ్చిన సుజాత అయింది. నాన్నకి మాత్రం 1956లో చేసిన మిల్ కాల్ తెగ నచ్చింది, మిల్లు కూత విని ఇద్దరాడవాళ్ళు పరుగు, తడి చీర గాల్లో ఆరుతోంది, వెనకాల పిల్లాడు. "ఇంత బరువు గాల్లో నిలబెట్టాలంటే ఎంత లావు ఊచ వేశాడో" అని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

ఇప్పుడు వీటిలో కొన్నిటికి పైన షెడ్లు వేశారు, వానకి అది అవసరమే కానీ మధ్యాహ్నం వెలుగు సరిగా పడదు. ఏడున్నర ఎనిమిదికి వెళ్ళండి, ఏటవాలు ఎండలో ఒక్కో రాయి నీడ కనిపిస్తుంది. టోటో అతను మాకు గైడ్‌గా కూడా వస్తానని మూడొందలు ఎక్కువ తీసుకుని సుజాతని ఎవరో రాణి అని చెప్పాడు, గైడ్ అక్కర్లేదు, అక్కడి స్టూడెంట్స్‌ని అడిగితే ప్రేమగా చెప్తారు. శనివారం సోనాఝురి హాట్‌కి, అంటే అక్కడి సంతకి, ఒక గంట చాలు.

ఢిల్లీ రిజర్వ్ బ్యాంక్ ముందున్న యక్షుడూ యక్షిణీ శిల్పాలు కూడా రాంకింకర్‌వే, అవి రాయితో చేసినవి, దాదాపు పదేళ్ళు పట్టింది. రాయి ఎలా చెక్కాడో చూడాలంటున్నాడు నాన్న. అవి రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి, చలి తగ్గాక ఫిబ్రవరి చివర్లో టికెట్లు చూస్తున్నా.