విటియర్‌లో ఓడ దిగాక ఆంకరేజ్ దాకా టూర్: డబ్బు పెట్టొచ్చా?

వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలోని విటియర్‌లో దిగే క్రూజ్ తీసుకున్నవాళ్లకి ఆఖరి రోజు ఒక చిక్కు ఉంటుంది. ఓడ తెల్లవారేసరికి రేవులో ఉంటుంది, బ్రేక్‌ఫాస్ట్ అయ్యీ అవకముందే గది ఖాళీ చేయాలి. ఫ్లైట్ ఏమో ఆంకరేజ్ నుంచి, అదీ చాలామందికి రాత్రి బాగా పొద్దుపోయాక. విటియర్ నుంచి ఆంకరేజ్ దాదాపు వంద కిలోమీటర్లు. పగలంతా పెట్టెలు పట్టుకుని ఎక్కడ తిరగాలి?

క్రూజ్ వాళ్లు ట్రాన్స్‌ఫర్ టూర్ అమ్మేది సరిగ్గా ఇక్కడే. రేవు దగ్గర బస్సెక్కించుకుని, దారిలో ఒకటి రెండు చోట్లు చూపించి, చివరికి ఎయిర్‌పోర్టులో దింపుతారు. మేం వెళ్లినప్పుడు దాని ధర మామూలు ట్రాన్స్‌ఫర్ బస్సుకి దాదాపు రెట్టింపు ఉంది. నలుగురికి కలిపి చూసేసరికి మా ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. "వంద కిలోమీటర్లకి ఇంతా?" అన్నారు.

కానీ లెక్క అలా వేయకూడదని నా అభిప్రాయం. విటియర్ నుంచి ఆంకరేజ్‌కి ఎలాగూ ఏదో ఒక బండికి డబ్బు కట్టాలి కాబట్టి ముందు ఆ మొత్తం తీసేయాలి. టూర్‌లో చూపించే చోట ఎంట్రీ టికెట్ ధర కూడా తీసేయాలి. బస్సులో ముందే ఆంకరేజ్ చేరిపోతే రాత్రి దాకా పెట్టెలు దాచుకోవడానికి అయ్యే ఖర్చు, ఊళ్లోకి వెళ్లి రావడానికి టాక్సీ ఖర్చు కూడా లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ పోగా మిగిలేదే టూర్‌కి మనం నిజంగా పెడుతున్న డబ్బు. మా విషయంలో అది మొదట భయపెట్టినంత లేదు.

విటియర్ గురించి కొంచెం చెప్పాలి. అక్కడ ఉండేవాళ్లు మూడు వందల మంది కూడా లేరు, వాళ్లలో ఎక్కువమంది 14 అంతస్తుల ఒకే బిల్డింగులో ఉంటారు. దిగి రోడ్డు మీదికి వస్తే టాక్సీ దొరుకుతుందిలే అనుకునే ఊరు కాదు. బయటికి వెళ్లడానికి ఉన్న రోడ్డు కూడా ఒక్కటే, కొండని తొలిచిన టన్నెల్ గుండా. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రైలు కోసం తవ్విన దీన్ని 2000లో కార్లకి కూడా తెరిచారు. నాలుగు కిలోమీటర్ల పొడవు, ఒకే లేన్, దాంట్లోనే రైలు పట్టాలు. అందుకని ఒకసారి అటువాళ్లని, ఒకసారి ఇటువాళ్లని వదులుతారు. విటియర్ వైపు నుంచి గంటకి ఒకసారే తెరుస్తారు, ఆ కొద్ది నిమిషాలు దాటితే మళ్లీ గంట ఆగాల్సిందే. ఎవరినైనా కారులో రమ్మని పిలుచుకునేవాళ్లు ఈ టైమింగ్ ముందే చూసుకోవాలి. మామూలు రైలు ఉంది గానీ అది విటియర్‌లో బయల్దేరేది సాయంత్రం. పొద్దున్నే దిగినవాళ్లకి అది పనికిరాదు.

మాతో అత్తయ్య, మామయ్య ఉన్నారు. మామయ్యకి మోకాళ్ల నొప్పులు. ఓడలో టూర్ల కౌంటర్ దగ్గర నిలబడి ఇంకా ఆలోచిస్తుంటే అత్తయ్య అడిగింది ఒకటే: "పెట్టెల సంగతి వాళ్లే చూసుకుంటారా? అయితే అదే తీసుకోమ్మా, ఇంక ఆలోచించకు." ముందు రోజు రాత్రే ట్యాగ్ కట్టి పెద్ద పెట్టెలు గది బయట పెట్టేశాం, పొద్దున మా బస్సు దగ్గరే కనిపించాయి. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు దీని విలువ డాలర్లలో చెప్పడం కష్టం.

మా ముందు రెండు రకాల టూర్లు ఉన్నాయి. ఒకటి పోర్టేజ్ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గర గంటసేపు బోటు, రెండోది అలాస్కా వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ సెంటర్. నేను రెండోదాని వైపే మొగ్గాను, ఇప్పటికీ అదే చెబుతాను. ఈ రూట్‌లో వచ్చే ఓడలు గ్లేసియర్ బే లాంటి చోట్లకి వెళ్తాయి కాబట్టి గ్లేసియర్లు కళ్లారా చూసే వస్తాం. పోర్టేజ్ గ్లేసియర్ ఏమో ఏటేటా వెనక్కి పోయి, దాన్ని చూపించడానికని కట్టిన విజిటర్ సెంటర్ నుంచి కూడా కనపడనంత దూరం వెళ్లిపోయింది. దాన్ని చూడ్డానికి ఆఖరి రోజు మళ్లీ బోటెక్కడం అవసరమనిపించలేదు. మీ ఓడ గ్లేసియర్ల దగ్గరికి వెళ్లకపోయినా, వెళ్లిన రోజు పొగమంచు కమ్మేసినా సంగతి వేరు.

వైల్డ్‌లైఫ్ సెంటర్‌ని జూ అనడానికి మనసొప్పదు. గాయపడినవీ, తల్లిని పోగొట్టుకున్నవీ తెచ్చి సాకుతారు. అలాస్కాలో వందేళ్లకు పైగా అడవిలో కనపడకుండా పోయిన వుడ్ బైసన్ అనే అడవిదున్నని ఇక్కడే పెంచి 2015లో తిరిగి అడవిలోకి వదిలారు. ఆ బైసన్ మంద కొండల నీడలో మేస్తుంటే మామయ్య బెంచీ మీంచి లేవలేదు. ఒళ్లంతా పొడవాటి ఉన్ని ఉండే మస్క్ ఆక్స్ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. చలికాలపు ఉన్ని ఊడిపోయే కాలం కదా, వీపు మీంచి గోధుమరంగు పాయలు జారి నేలకి వేలాడుతున్నాయి. అది కంచెకి ఒళ్లు రుద్దుకున్న చోటల్లా తీగలకి మెత్తటి పోగులు చిక్కుకుని గాలికి కదులుతున్నాయి. ఓడ మీంచి బైనాక్యులర్స్‌లో వెతికి చూసిన ఎలుగుబంటి ఇక్కడ కంచెకి అవతలే ఉంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. అక్కడ ఇచ్చిన సమయం చాలదు. మెల్లగా నడిచేవాళ్లకి మొత్తం చుట్టు తిరగడానికే సరిపోలేదు, మేం లింక్స్ (ఒక రకం అడవిపిల్లి) వైపు వెళ్లనేలేదు. భోజనం టికెట్‌లో లేదు. వెజిటేరియన్లు ఓడ దిగేముందు కడుపునిండా తినడం మంచిది.

అక్కడి నుంచి ఆంకరేజ్ దాకా రోడ్డు టర్నగెయిన్ ఆర్మ్ ఒడ్డునే సాగుతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రపు పాయ. 1964 భూకంపంలో, అంటే 9.2 తీవ్రత ఉన్న దాంట్లో, పోర్టేజ్ దగ్గర నేల కుంగి ఉప్పునీరు లోపలికొచ్చింది. అప్పుడు చచ్చిపోయిన చెట్లు మోడులై ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. ఈ దారి మాత్రం మామూలు ట్రాన్స్‌ఫర్ బస్సులోనూ ఇంతే అందంగా ఉంటుంది, దీనికోసం టూర్ కొనక్కర్లేదు. ఎడమవైపు సీట్లు పట్టుకుంటే చాలు, నీళ్లు అటే ఉంటాయి.

కాబట్టి అందరికీ తీసుకోమని చెప్పను. ఫ్లైట్ మధ్యాహ్నమైతే టూర్ జోలికే పోవద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఆ రాత్రి ఆంకరేజ్‌లోనే ఉండేవాళ్లు మామూలు బస్సులో వెళ్లి, అక్కడ కారు అద్దెకి తీసుకుని, తమ తీరికని బట్టి వెనక్కి వచ్చి ఇవే చూడొచ్చు. జూన్‌లో అక్కడ 19 గంటలకు పైగా పగలే కాబట్టి సాయంత్రం బయల్దేరినా వెలుతురుకి లోటుండదు, సెంటర్ మూసేలోపు చేరితే చాలు. నలుగురైదుగురు కుర్రవాళ్లు ఉంటే నిస్సందేహంగా అదే చవక, అదే హాయి. రాత్రి ఫ్లైట్, వెంట పెద్దవాళ్లో చిన్నపిల్లలో, బరువైన పెట్టెలు: ఈ మూడూ కలిస్తే మాత్రం టూర్‌కే నా ఓటు.

బుక్ చేసేముందు ఒకటి అడిగి తేల్చుకోండి: పెట్టెలు ఎక్కడ చేతికిస్తారు? కొన్ని టూర్లు ఎయిర్‌పోర్టు దాకా రాకుండా డౌన్‌టౌన్‌లో ఆపేస్తాయి. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు పావుగంటే గానీ, సామానంతా మళ్లీ మనమే మోసుకోవాలి. మరీ ముందుగా వెళ్తే చాలా ఎయిర్‌లైన్లు చెక్-ఇన్ బ్యాగులు తీసుకోవు కూడా, కాబట్టి ఎన్నింటికి దింపుతారో కూడా కనుక్కోండి. మాకు టికెట్ మీద ఎయిర్‌పోర్టు అనే రాసి ఉంది. అది చూశాకే మా ఆయన కార్డు బయటికి తీశారు.