అనంతపురం ఎండలో విల్లో బ్యాటు: ఐదారేళ్లు వాడాక

నా దగ్గర రెండు బ్యాట్లున్నాయి. రెండూ విల్లో అనే చెట్టు చెక్కవే: ఒకటి కాశ్మీరు విల్లో, ఇంకోటి ఇంగ్లిష్ విల్లో. రెండూ మీరట్‌లో చేసినవే. ఆదివారం మ్యాచ్‌లు, సాయంత్రం నెట్స్ అన్నీ వీటితోనే, అదీ డ్యూస్ బాల్‌తో, అంటే గట్టి తోలు బంతితో. కొనేటప్పుడు అందరూ గ్రెయిన్స్ లెక్కపెడతారు గానీ, మన అనంతపురంలో బ్యాటు బతకాలన్నా చావాలన్నా చెక్కలోని తేమే కారణం.

ముందు ఆ గ్రెయిన్స్ సంగతి. ముఖం మీద నిలువుగా కనిపించే ఒక్కో గీత చెట్టుకు ఒక ఏడాది పెరుగుదల. ఇంగ్లండ్‌లో ఎసెక్స్, సఫోక్ వైపు తడి నేలల్లో పెంచే విల్లో సుమారు 15 నుంచి 20 ఏళ్లకు కోతకు వస్తుంది. నిదానంగా పెరిగిన చెట్టుకు గీతలు దగ్గర దగ్గరగా పడతాయి. అలాంటి బ్యాటు త్వరగా ఆటకు సెట్ అవుతుంది, అంతే త్వరగా అరుగుతుంది కూడా. నా ఇంగ్లిష్ విల్లోది రెండో గ్రేడు. గ్రెయిన్స్ తక్కువే, ఒక అంచున ఎర్రటి పట్టీ ఉంది. అది చేవ. మా వీధి ఆచారికి చూపిస్తే బ్యాటు తిప్పి తిప్పి చూసి, "తలుపులకు చేవ కోసం చస్తాం, నువ్వేమో చేవ లేని దానికి ఇంత రేటు పెట్టినావా అన్నా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. బ్యాటుకు కావాల్సింది బెరడు పక్కనుండే తెల్ల చెక్కే, తేలిగ్గా ఉంటుంది కాబట్టి. గ్రేడు అనేది చాలావరకు చూపుకు వేసే మార్కు. ఆ ఎర్ర పట్టీ పుణ్యాన నాకు ధర తగ్గింది, ఆటలో మాత్రం తేడా ఏమీ తెలియలేదు.

అంత మెత్తటి చెక్క డ్యూస్ బాల్‌కు ఎలా ఆగుతుందంటే, ఫ్యాక్టరీలో ముఖాన్ని రోలర్ల కింద నొక్కుతారు. పైపొర గట్టిపడుతుంది, లోపలి పీచు మెత్తగానే ఉండి బంతిని వెనక్కి తోస్తుంది. నొక్కుడు ఎక్కువైతే బ్యాటు మొద్దు, తక్కువైతే ముఖం సొట్టలు పడుతుంది. చిన్నప్పుడు మేం టెంకాయ మట్టతో, వేప పలకతో ఆడినవాళ్లమే. టెన్నిస్ బాల్‌కు అవి చాలు. అదే వేప పలకతో డ్యూస్ బాల్ కొడితే మోచేతి దాకా జివ్వుమంటుంది.

ఇక అసలు విషయం. బ్యాటు చెక్కను తేమ 10 నుంచి 12 శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరబెట్టి చెక్కుతారు. మన గాలి దాన్ని అంతటితో ఆగనివ్వదు. ఏప్రిల్ వచ్చేసరికి నా ఇంగ్లిష్ విల్లో తూకంలో తేలిపోతుంది. చేతికి బాగుంటుంది, షాట్ కూడా పరిగెడుతుంది, కానీ అప్పుడే పగుళ్లు మొదలవుతాయి. రెండో వేసవిలో యార్కర్‌ను ఆపితే టో (బ్యాటు కింది కొస) దగ్గర వెంట్రుకంత గీత పడింది. గోరుతో గీరితే తప్ప తెలియదు. సూపర్ గ్లూ దింపి, టేపు చుట్టి ఆడాను. ఇప్పటికీ అది పెరగలేదు.

అందుకే వేసవికి ముందు అవిసె నూనె. పెయింట్ షాపులో లిన్సీడ్ ఆయిల్ అంటే డబుల్ బాయిల్డ్ చేతిలో పెడతారు, అది వద్దు. పచ్చి నూనె అడగండి. గుడ్డతో పల్చగా ముఖానికి, అంచులకు, కింది కొసకు రాసి, ఒక రాత్రి పడుకోబెట్టాలి. హ్యాండిల్ దిగిన వి ఆకారం అతుకు మీద, స్టిక్కర్ల మీద పడనివ్వకూడదు. ఎక్కువ పూస్తే బరువెక్కి చప్పుడు చచ్చిపోతుంది. రేకుల గదిలో, ఎండలో నిలిపిన కారులో బ్యాటు వదిలేస్తే మాత్రం ఏ నూనే కాపాడదు.

కాశ్మీరుది చేతికి బరువు, మిడిల్ (బంతి బాగా తగిలే చోటు) చిన్నది. అంచు తగిలితే బంతి మిడాఫ్ కూడా దాటదు. అయినా నెట్స్‌కు అదే తీసుకెళ్తాను, కొత్త బంతి దెబ్బలన్నీ అదే తింటోంది. అనంతనాగ్ జిల్లా సంగమ్ దగ్గర రోడ్డు పక్కనే ఈ చెక్కలు గోపురాల్లా పేర్చి ఆరబెడతారు. చౌకగా వస్తోందని 'పాపులర్ విల్లో' స్టిక్కరున్నది మాత్రం డ్యూస్ బాల్‌కు కొనకండి, అది విల్లో కాదు, పాప్లర్ అనే వేరే చెట్టు చెక్క.

విల్లోకు ఇంకేదీ దిక్కు లేదా అని మా జట్టులో ఎప్పుడూ చర్చే. 1979లో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగితే గొడవైంది, ఆ తర్వాత బ్లేడు, అంటే బంతిని కొట్టే భాగం, చెక్కదే అయి ఉండాలని నిబంధన వచ్చింది. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వెదురు బ్యాటు బాగా కొడుతుందన్నారు. వెదురు గడ్డి జాతిది, నిబంధన ఒప్పుకోదు. నల్లమలలో ఎంత వెదురుంటే ఏం లాభం!

ఇప్పుడు నా ఇంగ్లిష్ విల్లోలో నన్ను సతాయిస్తున్నది బ్లేడు కాదు, హ్యాండిల్. బెత్తం ముక్కల్ని మధ్యలో రబ్బరు పెట్టి అతికించి, పైన దారం చుట్టి చేస్తారు దాన్ని. రెండు గ్రిప్పులు మార్చాను, దారం మళ్లీ చుట్టించాను. ఈమధ్య కవర్ డ్రైవ్ కొడితే లోపల కిర్రుమంటోంది. హ్యాండిల్ మార్చడం ఆచారి వల్ల కాదు, బెంగళూరు పంపాలి. పోనూ రానూ కొరియర్‌తో కలిపితే ఇంకో కాశ్మీరు బ్యాటు వచ్చేలా ఉంది. అయినా పంపుతున్నాను, ఆ బ్లేడులో ఇంకా రెండు సీజన్ల ఆట ఉంది.