ఒక్క స్టార్ ఇవ్వబోయి ఆగిన బ్రేక్ డిస్కుల సెట్

రెండు ముందు డిస్కులు, వాటికి సరిపడే నాలుగు ప్యాడ్లు. కారు కంపెనీది కాదు, బయటి బ్రాండ్. ఇంట్లోనే బిగించుకుని మూడు వేల కిలోమీటర్లు తిరిగాక రాస్తున్నాను. నా మార్కు నాలుగు స్టార్లు. బిగించిన రోజు రాత్రే రాసుంటే ఒక్కటే ఇచ్చేవాణ్ణి.

ఎనభైలో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణికేది. పాత డిస్క్ అంచున గోటికి తగిలేంత గట్టు కట్టింది. వెర్నియర్‌తో కొలిస్తే 21 మి.మీ. చూపించింది. దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుంటాయి కాబట్టి ఆ లెక్క నమ్మడానికి లేదు. మైక్రోమీటర్‌తో లోపలి భాగం కొలిస్తే 19.8. డిస్క్ మీద అచ్చు వేసి ఉన్న కనీస మందం 20. ఇక ఆలోచించాల్సింది లేదు.

ఊడదీయడంలో ఏడిపించింది ఒక్కో డిస్క్‌ని హబ్‌కి, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, పట్టి ఉంచే రెండేసి చిన్న స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోవడం ఖాయం. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌తో మూడు వచ్చాయి, నాలుగోదాని తల డ్రిల్లు చేసి తీయాల్సి వచ్చింది. పెట్టెలో కొత్త స్క్రూలు వేయకపోవడం ఈ సెట్‌కి నేను కోసిన మార్కు. నాలుగు ఇనుప ముక్కలకి పిసినారితనం దేనికో! డిస్క్ ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు మాత్రం కొత్తవాటికీ ఉన్నాయి. వాటిలో 8 ఎంఎం బోల్టులు సమంగా బిగిస్తూ పోతే తుప్పుతో అతుక్కున్న డిస్క్ దానంతటదే బయటికొస్తుంది, బాదే పని లేదు.

ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్‌ని వైరుతో స్ప్రింగుకి వేలాడదీశాను. దాని బ్రేక్ ఆయిల్ గొట్టం మీద బరువు పడకూడదు. కొత్త డిస్కుల మీద నూనె పూత ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడిచాను. ప్యాడ్ల చెవుల మీద పెయింటు మందంగా ఉండి బ్రాకెట్‌లో బిగుసుకుపోయాయి. ఆకురాయితో కాస్త గీకాక చేత్తో జారాయి. సుత్తితో తట్టి దూర్చేసి ఉంటే బ్రేక్ వదిలాక కూడా డిస్క్‌ని పట్టుకునే ఉండేవి.

ఇక అసలు గొడవ. కుడివైపు డిస్క్‌ని వీల్ నట్లతో బిగించి ఊగు ఎంతో ముల్లుతో చూపించే డయల్ గేజ్ పెట్టి తిప్పాను. ముల్లు 0.14 మి.మీ. ఊగింది. మా మాన్యువల్ ఒప్పుకునేది 0.05. ఎడమవైపు 0.03 వచ్చింది. అంటే ఈ ఒక్క డిస్కే వంకర సరుకు అనుకున్నాను. కోపంతో పెట్టె వెతికి, తిరిగి పంపడానికి ఫొటోలు కూడా తీశాను. దీపం పట్టుకున్న మా తమ్ముడు అన్నాడు, "అన్నయ్యా, ఎక్కువ ఊగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, డిస్క్‌ని ఒక బోల్టు పక్కకి జరిపి మళ్లీ చూడు." డిస్క్ వంకరైతే ఎత్తు దానితోపాటు జరగాలి. జరగలేదు. హబ్ దగ్గర పాత చోటే ఉంది. డిస్క్ తీసి హబ్ ముఖం మీద వేలు పెడితే ఒక స్టడ్ (చక్రం బిగించే బోల్టు) పక్కన తుప్పు పెంకు, మినపగింజలో సగం కూడా లేదు. ఎడమవైపు ఓపికగా రుద్దినవాణ్ణి, చీకటి పడిందని కుడివైపు వైర్ బ్రష్‌తో పైపైన కానిచ్చేశాను మరి. పెంకు గీకి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాక 0.04.

ఆ కొలత చూడకుండా బండి తీసి ఉంటే మొదట్లో ఏమీ తెలిసేది కాదు. ఊగే డిస్క్ ప్రతి చుట్టులో ప్యాడ్‌కి ఒకే చోట రాసుకుని అక్కడ పల్చబడుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పాత వణుకు తిరిగొచ్చేది, నేను డిస్కులనే తిట్టుకునేవాణ్ణి. పెట్టెలో ఇచ్చిన బొమ్మల కాగితంలో హబ్ శుభ్రం చేయమనే బొమ్మ ఉంది, అదీ అగ్గిపెట్టె సైజులో ఒక మూల.

కొత్త ప్యాడ్లు పట్టేందుకు క్యాలిపర్ పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటిసారి పెడల్ నేల దాకా పోతుంది. బండి కదిలించకముందే గట్టిపడేదాకా తొక్కాలి. ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఇరవైకి ఎనిమిదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ, పూర్తిగా ఆపకుండా తగ్గించాను. ప్యాడ్లు చక్కగా కుదిరాయి. ఇప్పుడు వంద నుంచి తొక్కినా స్టీరింగ్ నిశ్శబ్దంగా ఉంటుంది.

ఉదయం మొదటి బ్రేక్‌కి వచ్చే గరగర రాత్రి చెమ్మకి పట్టిన పల్చటి తుప్పు, రెండుసార్లు తొక్కితే పోతుంది. రివర్స్‌లో మాత్రం ఎడమ ప్యాడ్ ఒక్కోసారి కీచుమంటోంది. ఈ ఆదివారం చక్రం విప్పి చూడాలి.