28 యూరోల గాలెట్, అడుగు పచ్చి

దక్షిణ ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో మాకిది నాలుగో జనవరి. క్రిస్మస్ కేకులు ఖాళీ అయ్యాయో లేదో, బేకరీ అద్దాల వెనక గాలెట్లు వచ్చి కూర్చుంటాయి. అసలు పండగ జనవరి 6న, ముగ్గురు రాజులు బాల యేసును చూడ్డానికి వచ్చిన రోజు. కానీ ఇక్కడివాళ్లు ఆ ఒక్క రోజుతో ఊరుకోరు. ఆఫీసులో ఒకటి, బడిలో ఒకటి, పక్కింట్లో ఒకటి, అలా నెలంతా నడుస్తూనే ఉంటుంది. సంక్రాంతి అరిసెలు శివరాత్రి దాకా డబ్బా అడుగున దొరుకుతుంటాయే, అలాగ.

గాలెట్ దె ర్వా అంటే రాజుల గాలెట్. పెద్ద పళ్లెమంత గుండ్రంగా ఉంటుంది, రెండు పఫ్ రేకుల మధ్య బాదం క్రీమ్. మన బేకరీ ఎగ్ పఫ్‌లోంచి గుడ్డూ ఉల్లిపాయా తీసేసి, తియ్యటి బాదం ముద్ద పెట్టారనుకోండి. పైగా ఇది అసలైన వెన్నతో చేసింది కాబట్టి డాల్డాలాగా అంగిట్లో పేరుకోదు. లోపల ఎక్కడో ఒక చిన్న పింగాణీ బొమ్మ దాగి ఉంటుంది. దాని పేరు ఫెవ్. ఫెవ్ అంటే చిక్కుడు జాతి గింజే, ఒకప్పుడు నిజంగా గింజనే పెట్టేవారట. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లే ఆ పూటకి రాజో రాణో, కాగితం కిరీటం పెట్టుకుంటారు. దేశాధ్యక్షుడి భవనానికి వెళ్లే గాలెట్‌లో మాత్రం ఫెవ్ పెట్టరు. రాజుల్ని దించేసి రిపబ్లిక్ తెచ్చుకున్న దేశం కదా, అధ్యక్షుడి నెత్తిన కిరీటం ఏం బాగుంటుంది!

ఈ ఏడాది మూడు కొన్నాం. మొదటిది సూపర్ మార్కెట్‌ది, నాలుగున్నర యూరోలు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. బాదం కంటే బాదం ఎసెన్స్ ఎక్కువ, దగ్గు మందు వాసన. కానీ లోపలి ఫెవ్ కార్టూన్ బొమ్మ, అందుకని మా పాప లెక్కలో ఈ ఏడాది ఫస్టు ప్రైజు దానిదే.

రెండోదాని గురించే ఈ రివ్యూ.

ఊరి మధ్యలో పేరున్న పెద్ద షాపు. శనివారం అరగంట లైన్లో నిలబడి, ఆరుగురికి సరిపడేది 28 యూరోలు పెట్టి తెచ్చాను. చూడ్డానికి మాత్రం వంక పెట్టలేం. కత్తి మొనతో పైన సూర్యకిరణాల్లా గీతలు గీసి, నిగనిగలాడేలా కాల్చారు. బంగారు రంగు పెట్టె, దానికో రిబ్బను. మా కింది ఫ్లాటు పెద్దావిణ్ణి, వాళ్లాయన్నీ పిలిచాం. ఆవిణ్ణి మా పాప 'మమీ' అంటుంది. ఇక్కడ మమీ అంటే అమ్మమ్మో నానమ్మో. మొదట్లో నన్నే పిలుస్తోందనుకుని రెండుసార్లు పలికాను కూడా.

పెట్టె మీద రాసినట్టే ఓవెన్లో 160 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు వేడిచేశాను. ఆనవాయితీ ప్రకారం ఇంట్లో చిన్నవాళ్లు టేబుల్ కింద దూరాలి. పైన ముక్క కోసి "ఇది ఎవరికి?" అనడిగితే, కిందనుంచి ఒక పేరు చెప్పాలి. ఎవరూ మోసం చేయకుండా అన్నమాట. మమీ కోస్తుంటే రెండో గాటుకే కత్తి కింద టిక్కుమంది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు, కత్తిని ఒక్క వేలెడు పక్కకి జరిపి కోసింది. నలభై ఏళ్ల అనుభవం మరి.

ముక్క నోట్లో పెట్టుకున్నాక తెలిసింది కథ. పైపొర కరకర, బాగుంది. కింది పొర తెల్లగా, మెత్తగా, చపాతీ పిండిలా పళ్లకి అతుక్కుంది. మధ్యలో పసుపుపచ్చటి తీపి ముద్ద. మమీ తన ముక్కని మెల్లగా ఎత్తి, అడుగు చూసి, వేలిగోటితో నొక్కి, మళ్లీ పెట్టేసింది. ఆపిల్ సైడర్ ఒక గుటక వేసి "స్పెసియాల్" అంది. ఫ్రెంచ్‌లో అది మెచ్చుకోలు కాదండీ.

నేను మండపేట మనిషిని. తాపేశ్వరం మా పక్క ఊరే. మడత కాజా పొరలు లెక్కపెడుతూ పెరిగినదాన్ని, పొర విడకపోతే అది కాజా కాదు, పాకంలో ముంచిన పిండి. ఇక్కడా అంతే. వెన్న పలకని పిండిలో చుట్టి, వత్తి, మూడు మడతలేసి, ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ వత్తి, మళ్లీ మూడు మడతలు. అలా ఆరుసార్లు చేస్తే 729 పొరల వెన్న. అంత కష్టపడి చేశాక ఓవెన్లో తొందరపడితే మొత్తం పోతుంది. లోపల తడి క్రీమ్ ఉంటుంది కాబట్టి అడుగుకి గట్టి వేడి తగలాలి. పైన రంగొచ్చింది కదాని తీసేస్తే కింద పచ్చిగా మిగులుతుంది.

సోమవారం ఫోటో తీసుకుని షాపుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి "ఇంట్లో వేడిచేశారా?" అంది. చేశానన్నాను. "మైక్రోవేవ్‌లోనా?" కాదన్నాను. ఈసారి కొంటే పది శాతం తగ్గిస్తానంది. ఈసారి అనేది ఉంటే కదా! పోతూ పోతూ "పిండి మీరే చేస్తారా?" అనడిగాను. "ఇక్కడే కాలుస్తాం మదామ్" అంది.

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. ఫ్రాన్స్‌లో 1998 నాటి చట్టం ఒకటుంది. బులాంజరీ, అంటే బ్రెడ్డు కొట్టు, అని బోర్డు పెట్టాలంటే బ్రెడ్డు పిండి అక్కడే కలపాలి, అక్కడే కాల్చాలి. కానీ అది బ్రెడ్డు వరకే. క్రువాసాన్లూ గాలెట్లూ ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టి వచ్చినా తప్పులేదు, ఇక్కడ ఓవెన్లో పెట్టి అమ్ముకోవచ్చు. వాళ్లది అలా వచ్చిందని నేననడం లేదు. ఆ జవాబు విన్నాక మాత్రం నాకు ఇంకేం అడగబుద్ధి కాలేదు.

మూడోది పాప బడి వీధిలో చిన్న కొట్టు. రిబ్బను లేదు, ఉత్త కాగితం కవరు. 19 యూరోలు. అడుగు చూపించమంటే కొట్టాయన నవ్వి, పళ్లెం నెత్తి మీదకెత్తి చూపించాడు. పెసరట్టు అడుగులా గోధుమరంగు మచ్చలు. లోపల వెన్న, పంచదార, గుడ్డు, బాదం పొడి సమపాళ్లలో కలిపిన క్రీమ్, అంతే. కస్టర్డ్ లాంటిది కూడా కలిపితే ఫ్రాంజిపాన్ అవుతుంది, ఆయన కలపడు. బాదం పలుకులు పంటికి తగులుతాయి. కొంచెం రమ్ము వాసన కూడా ఉంది, వద్దనుకునేవాళ్లు ముందే అడగండి. గుడ్డు తిననివాళ్లకి ఎలాగూ కుదరదు. ఒక ముక్క తిన్నాక రెండోది తినలేం, వెన్న అంత బరువు. ఫెవ్ మాత్రం తెల్లగా వేలి గోరంత, బ్రెడ్డు ఆకారంలో ఉన్న బొమ్మ, పాప మొహం చిట్లించింది.

మమీ పుట్టింది టూలూజ్‌లోనే. ఆవిడ దృష్టిలో ఇవన్నీ ఉత్తరాది సరుకు. దక్షిణాదిలో బ్రియోష్ పిండితో, అంటే వెన్నా గుడ్లూ వేసిన మెత్తటి బ్రెడ్డు పిండితో, పెద్ద చేతిగాజు ఆకారంలో చేసింది తింటారు, మీద పంచదార పలుకులు, చక్కెరలో ఊరిన పళ్ల ముక్కలు, నారింజ పువ్వుల నీళ్ల వాసన. ఒకటి చేసి పంపింది. ఆవిడ ఈ రివ్యూ చదవలేదు కాబట్టి చెబుతున్నాను, నాకది అత్తరు చల్లిన టూటీ ఫ్రూటీ బన్నులా అనిపించింది.

చిన్న కొట్టు గాలెట్‌ని ఆ రోజు ఐదుగురం ఉన్నా ఆరు ముక్కలు కోసింది మమీ. ఆరోది అనుకోకుండా గుమ్మంలోకి వచ్చే పేదవాడి కోసమట, పాత ఆచారం. ఎవరి ముక్కలోనూ ఫెవ్ రాలేదు. ఆరోది విప్పి చూద్దామంటే మమీ ఒప్పుకోలేదు. కిరీటం ఎవరికీ దక్కలేదని పాప అలిగి పడుకుంది. రాత్రి పదకొండింటికి వంటింట్లోంచి "అమ్మా!" అని మా ఆయన కేక. లైటు వేసి చూస్తే దవడ పట్టుకుని, రెండో చేతిలో పింగాణీ బొమ్మతో నిలబడ్డాడు. పన్ను విరగలేదు. కిరీటం నేనే పెట్టాను.